పాత గోడ మీద కొత్త గది

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు, ఉన్న ఇంటికి రెండు గదులు కలిపి చూడు అని ఎందుకు అనలేదో మరి! కొత్త ఇల్లయితే ఎక్కడో అద్దెకుంటూ వారానికోసారి వెళ్లి చూసి వస్తాం. పాత ఇంటికి గదులు కలపడం అలా కాదు. ఒక పక్క పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటుంది, ఇంకో పక్క పలుగు దెబ్బలకు అల్మారాలో స్టీలు గిన్నెలు గలగలమంటుంటాయి. సలహాలు చెప్పేవాళ్లకయితే లెక్కే లేదు. వచ్చినవాళ్లంతా ఇసుక గురించి చెబుతారు, వాస్తు గురించి చెబుతారు, టైల్సు రంగు గురించి చెబుతారు. పాత గోడలు కొత్త బరువు మోస్తాయా అని మాత్రం ఒక్కరూ అడగరు.

ఆ ఒక్క ప్రశ్నకు జవాబు తెలుసుకోవడానికి మాకెంత ఖర్చయిందో, ఆ ఖర్చుకు ఏం దక్కిందో మీతో చెప్పాలనిపించింది. మా సిద్దిపేట 2016 అక్టోబరులో జిల్లా కేంద్రమయింది, 2023 అక్టోబరులో రైలు కూడా వచ్చింది. ఊరు పెరిగే కొద్దీ జాగాల ధరలు పెరిగాయి. కొత్తగా జాగా కొనలేనివాళ్లు ఉన్న ఇంటి మీదే గదులు లేపుతున్నారు. మీ ఊళ్లోనూ ఇంతేనని అనుకుంటాను.

మాది 240 గజాల జాగా. పాత బస్టాండుకు నడిచి పోయేంత దూరం. ఇల్లు మా మామగారు కట్టించింది. మావారు బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. అబ్బాయికి హైదరాబాదులో ఉద్యోగం, అదీ వారంలో మూడు రోజులు ఇంట్లో కూర్చుని చేసేది. 2024 సంక్రాంతి వెళ్లగానే సంబంధం ఖాయమయింది. కొత్త కోడలు వచ్చేసరికి వాళ్లకొక గది, అబ్బాయి పని చేసుకోవడానికి ఇంకొక గది, ఒక బాత్రూము ఉండాలి. ఉన్నవి రెండు గదులూ ఒక వంటిల్లూ, అందులో ఒక గది అత్తమ్మది. ఆమెకు ఎనభై దాటాయి. మావారి రిటైర్మెంటు డబ్బులో మిగిలింది, నా చిట్టీ డబ్బు, అన్నీ కలిపితే పన్నెండు లక్షలు. దాని మీద ఒక్క రూపాయి కూడా లేదు. అప్పు చేయనని మావారు ముందే చెప్పేశారు.

మా మేస్త్రి పరాయివాడు కాదు. ఈ ఇంటి స్లాబు పోసినప్పుడు వాళ్ల నాన్న మేస్త్రి, ఇతను తట్టలందించిన పిల్లవాడు. చత్తు మీదికెక్కి, కాలితో రెండుసార్లు తొక్కి చూసి, "అక్కా, పాత పని ఇనుము లెక్క ఉంటది. పైన రెండు రూములు లేపినా ఏం కాదు. తొమ్మిది లక్షలల్ల చేసిస్త" అన్నాడు. మా మరిది సంతోషించాడు. మావారూ దాదాపు సరేనన్నారు. తొమ్మిది లక్షలంటే ఇంకో మూడు లక్షలు పెళ్లి ఖర్చుకు మిగులుతాయి కదా!

మధ్యలో నేనే అడ్డం పడ్డాను. ఇంజనీరుకు చూపించకుండా ఒక్క ఇటుక కూడా పైకెక్కడానికి వీల్లేదన్నాను. నాకేదో తెలుసని కాదు. మా వీధి చివర ఒకరింట్లో పైన గదులు వేసిన రెండో వానాకాలానికే కింద వంటింటి గోడ ఏటవాలుగా పగిలింది. ఆ పగులులోకి నా చిటికెన వేలు పట్టింది. అది కళ్లారా చూశాక నాకు నిద్ర పట్టలేదు. అత్తమ్మ మంచం సరిగ్గా ఆ పైగదుల కిందికే వస్తుంది మరి.

"వదినా, కాగితాలకు ముప్ఫై వేలు పోస్తవా? ఆ పైసలతోని బాత్రూముల టైల్సు అయితయ్" అన్నాడు మా మరిది. నేనేమీ అనలేదు. సింహద్వారానికి టేకు చెక్కకు నలభై అయిదు వేలు ఇస్తున్నప్పుడు ఆయనే పక్కనుండి బేరమాడాడు. చెక్క కంటికి కనబడుతుంది, కాగితం కనబడదు. అంతే తేడా.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మునిసిపాలిటీలో అనుమతి కోసం ప్లాను గీసిచ్చే ఆయన వేరు, ఇల్లు ఎంత బరువు మోస్తుందో లెక్క కట్టే ఇంజనీరు వేరు. చాలామంది ఇద్దరూ ఒకటేననుకుంటారు. ప్లానులో గది ఎంత, కిటికీ ఎక్కడ, రోడ్డు వైపు ఎంత వదిలారు అన్నవే ఉంటాయి. పునాది ఎంత లోతు, పిల్లరులో ఎన్ని సలాకలు, వాటి చుట్టూ రింగులు ఎంత దూరంలో అన్నది అందులో ఉండదు. అది స్ట్రక్చరల్ డ్రాయింగు. రెండూ చేసేవాళ్లూ ఉంటారు, కాని డబ్బిచ్చే ముందు "సలాకల లెక్కతో సహా ఇస్తారా, సంతకం పెట్టి ఇస్తారా" అని అడిగి తెలుసుకోండి.

అనుమతి సంగతి కూడా అందుకే చెబుతున్నాను. 2020లో తెలంగాణలో టీఎస్ బీపాస్ చట్టం వచ్చింది. 500 చదరపు మీటర్ల లోపు జాగాలో, 10 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి మనమే ధ్రువీకరించి ఆన్‌లైనులో పెడితే వెంటనే అనుమతి ఇచ్చే పద్ధతి తెచ్చారు. 500 మీటర్లంటే మన లెక్కలో దాదాపు 600 గజాలు. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తగ్గింది, మంచిదే. కాని "మనమే ధ్రువీకరించి" అన్న మాట గమనించారా? బాధ్యత మన నెత్తిన పడింది. తప్పు వివరాలిచ్చి కడితే నోటీసు లేకుండా కూల్చే అధికారం కూడా ఆ చట్టంలోనే ఉంది. పాత గోడ గట్టిదా కాదా అని ఇంటికొచ్చి చూసే పని అందులో ఎవరిదీ కాదు. అది మనం డబ్బిచ్చి చేయించుకోవలసిందే.

సరే, ఇంజనీరు వచ్చాడు. ముప్ఫై అయిదేళ్లుంటాయేమో, మాటలు తక్కువ. వచ్చి చూసినందుకు మూడు వేలన్నాడు. టేపు తీస్తాడనుకున్నాను. తియ్యలేదు. చాప మీద కూర్చుని, ఈ ఇల్లు ఎప్పుడు కట్టారు, ఎవరు కట్టారు, దేనితో కట్టారు అని అడగడం మొదలుపెట్టాడు. మావారికి సగం తెలుసు, మరిదికి అదీ తెలీదు. చివరికి మంచం మీదున్న అత్తమ్మే చెప్పింది.

"మీ మామ కాలంల సిమెంటు యాడిది బిడ్డా? పర్మిట్ దొరకాలె. పునాదంత రాయి, మట్టి. గోడలు గుడ మట్టితోనే కట్టి పైన సిమెంటు పూసిన్రు. మొదలు బెంగుళూరు పెంకులే ఉండె. పెంకులు తీసి స్లాబు ఏసింది ఎనుక."

ఆ ఒక్క మాటతో ఇంజనీరు తలెత్తి గోడ వైపు చూశాడు. మన పిల్లలకు తెలీదు కాని, ఒకప్పుడు సిమెంటు బస్తా అంటే ప్రభుత్వం నియంత్రణలో ఉండే సరుకు. 1982లో ఆ నియంత్రణ కొంత సడలింది, 1989లో పూర్తిగా ఎత్తేశారు. మా ఇంటి గోడలు 1980లో లేచాయి, స్లాబు 1990లో పడింది. అంటే పెంకుల బరువు కోసం లేపిన మట్టి గోడల మీద పదేళ్ల తరువాత స్లాబు కూర్చుందన్నమాట. ఇక ఇప్పుడు మేం ఆ స్లాబు మీద గదులు వేద్దామంటున్నాం! ఇది ఏ కాగితంలోనూ లేదు. అత్తమ్మ తలలో ఉంది. మీ ఇంట్లోనూ పెద్దవాళ్లుంటే, ఇంజనీరును పిలిచిన రోజు వాళ్లను ఆ మాటల్లో కూర్చోబెట్టండి. ఏ పరీక్ష చేయించినా ఇన్ని సంగతులు తెలియవు.

తరువాత ఇద్దరు కూలీలను పెట్టి ఇంటి మూలలు రెండింటి దగ్గర గుంతలు తీయించాడు. కూలికి, మళ్లీ పూడ్చడానికి కలిపి రెండు వేలు. రెండున్నర అడుగుల లోతుకే రాతి పునాది అయిపోయింది. దాని కింద నల్లమట్టి. నల్లమట్టి గుణం మీకు చెప్పక్కర్లేదు, వానకు ఉబ్బుతుంది, ఎండకు పగుళ్లిస్తుంది. పైనున్న ఇల్లు దానితో పాటే లేస్తూ దిగుతూ ఉంటుంది. గుంతలోకి మేస్త్రి కూడా తొంగి చూశాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. అతన్ని తక్కువ చేసి చెప్పడం లేదండీ. గోడ నిలువుగా లేపడం, స్లాబు సాపుగా పొయ్యడం, చెమ్మ రాకుండా పూత పుయ్యడం, వీటిలో అతని చెయ్యి తిరిగిన పని. కాని నేల లోపల ఏముందో చూడమని ఇన్నేళ్లలో అతన్ని ఎవరూ అడగలేదు, దానికి ఎవరూ కూలీ ఇవ్వలేదు.

ఇంజనీరు అప్పుడు మా అందరికీ బరువు లెక్క చెప్పాడు. ఇది రాసుకుని పెట్టుకోండి. తొమ్మిదంగుళాల ఇటుక గోడ, పదడుగుల ఎత్తు ఉంటే, ఒక్క అడుగు పొడవుకే సుమారు 400 కిలోలు తూగుతుంది. 12 అడుగులకు 14 అడుగుల గదికి చుట్టూ 52 అడుగుల గోడ. తలుపులు, కిటికీలు పోగా 17, 18 టన్నులు. పైన అయిదంగుళాల స్లాబు చదరపు అడుగుకు 29, 30 కిలోల చొప్పున ఇంకో అయిదు టన్నులు. వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు ఒక టన్ను. బండలు, పూత, మంచాలు, బీరువాలు, మనుషులు. ఒక్క గదికి 25 టన్నుల పైమాటే.

"అమ్మా, సరుకు నింపిన పది టైర్ల లారీ ఒకటి తెచ్చి మీ చత్తు మీద పెట్టినట్టు" అన్నాడు. మా మరిది చత్తు వైపు చూశాడు, నేను అత్తమ్మ మంచం వైపు చూశాను.

1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున లాతూరు వైపు భూకంపం వచ్చింది గుర్తుందా? హైదరాబాదులో కూడా జనం ఇళ్లలోంచి బయటికి పరుగెత్తారు. కిల్లారి చుట్టుపక్కల ఊళ్లలో వేలమంది నిద్రలోనే పోయారు. అక్కడి ఇళ్లు మట్టితో పేర్చిన లావాటి రాతి గోడలవి, పైన మందపాటి మట్టి కప్పు. గోడ మాత్రం మట్టిది, నెత్తి మీద మాత్రం టన్నుల బరువు. మన ప్రాంతం భూకంపాల భయం తక్కువున్న రెండో జోనులో ఉంది, నిజమే. కాని భూకంపం రాకపోయినా ఇళ్లు కూలుతున్నాయి కదా. 2025 మార్చి 26న భద్రాచలంలో పని నడుస్తున్న బహుళ అంతస్తుల భవనం పట్టపగలే కుప్పకూలి పనివాళ్లు కింద చిక్కుకుపోయారు. ఆ అంతస్తుల గురించీ అనుమతుల గురించీ పత్రికలు చాలానే రాశాయి. ఆ వార్త చదివిన రోజు మావారు ఏమీ అనకుండా పేపరు నా ముందు పెట్టి వెళ్లారు.

ఇంతకీ ఇంజనీరు మూడు దారులు చెప్పాడు. చత్తు మీద ఇటుక గోడలు లేకుండా ఇనుప పైపులు, రేకులతో తేలిక గది వేసుకోవడం ఒకటి. ఎండాకాలం సిద్దిపేటలో రేకుల కింద కొత్త కోడలిని ఉంచడమా? అది అక్కడే వదిలేశాం. రెండోది, పాత ఇంటి చుట్టూ నేలలోంచి కొత్త పిల్లర్లు లేపి, వాటి మీద పై గదులు వెయ్యడం. పాత గోడకు బరువు తగలదు. కాని ఇంట్లో నడిమధ్య కూడా రెండు పిల్లర్లు రావాలి, బండలు పగలగొట్టి ఆరడుగుల గుంతలు తియ్యాలి, ఖర్చు పదిహేను లక్షలు దాటుతుంది. మూడోది, వెనక పెరట్లో కొత్త గదులు వాటి పిల్లర్ల మీద వాటిని కట్టుకోవడం, పాత ఇంటికి ఆనించకుండా. ఆ పిల్లర్లనే ఇంకో అంతస్తు మోసేలా ఇప్పుడే వేసుకుంటే, రేపు పైన కట్టుకోవచ్చు.

పెరడు పోతుందని నాకు ప్రాణం ఉసూరుమంది. కరివేపాకు, రెండు మల్లెపొదలు, అరటి. అయినా మూడోదానికే ఒప్పుకున్నాం. కరివేపాకు చెట్టును మాత్రం మూలకు మార్చాం, బతికింది.

సుత్తి లాంటి యంత్రంతో స్లాబు గట్టితనం చూసే పరీక్ష ఒకటుంది. దానికి ఎనిమిది వేలో పది వేలో అవుతుందట. చేయించమంటారా అని మావారు అడిగితే, "ఎందుకు సార్, పునాదే మొయ్యనన్నాక స్లాబు సంగతి తెలిసి లాభమేంటి" అన్నాడు ఇంజనీరు. ఆ మాటతో నాకతని మీద గురి కుదిరింది. అక్కర్లేని పరీక్ష వద్దన్న మనిషి అక్కరున్నది ఊరికే అడగడు.

అతను పిల్లర్లకు గుర్తులు పెడుతుంటే అత్తమ్మ కిటికీలోంచి కేకేసింది. "ఆడ కాదు బిడ్డా, ఆడ చేదబావి ఉండె. బోరు ఏసినంక పూడ్చిన్రు." చెత్తా చెదారంతో పూడ్చిన బావి మీద పిల్లరు కూర్చుంటే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. రెండు పిల్లర్లు పక్కకు జరిగాయి. ఆ బావి ఉన్న చోట ఇప్పుడు బట్టలుతికే గచ్చు ఉంది.

ఇక అసలు లెక్క. మొదటిసారి చూసినందుకు 3,000. గుంతలకు 2,000. కొత్త కట్టుబడి 560 చదరపు అడుగులు, స్ట్రక్చరల్ డ్రాయింగుకు అడుగుకు 20 రూపాయల చొప్పున 11,200. పని మధ్యలో నాలుగుసార్లు వచ్చి చూడడానికి, సారికి 1,500 లెక్కన 6,000. మొత్తం 22,200. ఇల్లు పూర్తయ్యేసరికి అయిన ఖర్చు పదకొండున్నర లక్షలు. అంటే నూటికి రెండు రూపాయల కంటే తక్కువ. ఇది మాకయిన ఖర్చు. మీ ఊళ్లో, మీ ఇంటి తీరును బట్టి ఎక్కువ కావచ్చు, తక్కువ కావచ్చు. పాత ఇల్లు పెద్దదై, లోపల పగుళ్లుంటే చూపించడానికే ఎక్కువవుతుంది.

దక్కిందేమిటంటారా? పిల్లరు ఏదైనా 16 ఎంఎం సలాకలు వేస్తేనే గట్టి అని మేస్త్రి మూడు టన్నుల ఇనుము రాశాడు. డ్రాయింగు ప్రకారం ఏ సలాక ఎక్కడ కావాలో అక్కడే పడింది, రెండు టన్నుల రెండు వందల కిలోలతో పనయిపోయింది. మేం కొన్న ధరకు ఎనిమిది వందల కిలోలంటే యాభై వేల దాకా మిగిలినట్టు. అదంతా చేతిలో మిగల్లేదనుకోండి. నల్లమట్టి దాటి మొరం తగిలే దాకా ఆరడుగులు తవ్వి, పునాదుల దిమ్మెలు పెద్దవి పోయమన్నాడు. సిమెంటు, కంకర కాస్త ఎక్కువే అయ్యాయి. పైన తగ్గించి కింద పెంచాడన్నమాట. అన్నట్టు, అప్పట్లో సిమెంటు మీద జీఎస్టీ నూటికి 28. అది 18కి తగ్గింది 2025 సెప్టెంబరు 22న, మా ఇంటి పాలు పొంగి ఏడాది దాటాక!

డ్రాయింగు చేతికొచ్చాక ఇంటావిడ పని మొదలవుతుంది. మగవాళ్లు ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చూస్తారు. రోజంతా అక్కడుండేది మనమే. నేనేం చేశానో చెబుతాను.

ఇనుము వచ్చిన రోజు సలాకల లావును నోట్లో చెప్పింది నమ్మకుండా లెక్క చూసుకున్నాను. ఎంఎంను ఎంఎంతోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 12 ఎంఎం సలాక పన్నెండు మీటర్ల పొడవుంటే పది కిలోల ఆరు వందల పైచిలుకు, 8 ఎంఎం అయితే నాలుగు కిలోల ఏడు వందలు, 16 ఎంఎం అయితే పందొమ్మిది కిలోలకు కాస్త తక్కువ. సలాకలు లెక్కపెట్టి గుణించి, కాంటా చీటీతో పోల్చుకోండి. కొద్ది తేడా మామూలే. బాగా తగ్గితే మాత్రం సలాక సన్నగా ఉన్నట్టు, ఎక్కువ పలికితే కాంటా మోసం. నేను నోటు పుస్తకం పట్టుకుని నిలబడేసరికి లారీ డ్రైవరు నన్ను కూడా "ఇంజనీరు మేడం" అన్నాడు.

పిల్లరుకు 12 ఎంఎం కంటే సన్న సలాక వెయ్యకూడదని నియమం ఉంది. మా పాత వరండా స్తంభాల్లో ఉన్నవి 10 ఎంఎంవి! రింగుల కొసలు ఊరికే తొంభై డిగ్రీలు వంచి వదిలెయ్యకుండా లోపలికి, కాంక్రీటు కడుపులోకి, వంచాలి. సలాక బయటి పొరకు అంటుకోకుండా కింద చిన్న సిమెంటు బిళ్లలు పెడతారు, కవర్ బ్లాక్సంటారు. స్లాబుకు 20 ఎంఎం, పిల్లరుకు 40, పునాదికి 50. అవి లేకపోతే కొన్నేళ్లకు సలాక తుప్పు పట్టి, ఉబ్బి, పెచ్చులూడతాయి. పాత ఇళ్ల సజ్జల కింద ఎర్రగా కనబడే సలాకలు చూశారు కదా, అదే.

నీళ్ల దగ్గర మేస్త్రికీ నాకూ కాస్త మాటలయ్యాయి. కాంక్రీటు జారుగా ఉంటే పోసేవాళ్లకు సుఖం, అందుకని నీళ్లు ధారాళంగా పోసేస్తారు. బస్తా సిమెంటుకు 27 లీటర్లు మించొద్దని డ్రాయింగు మీదే రాసి ఉంది. అంటే మన ఇంటి బకెట్లు రెండు. "మేస్త్రన్నా, నీ కూతురు ఇడ్లీ పిండిల దోసె పిండంత నీళ్లు పోస్తే ఊకుంటవా?" అన్నాను. నవ్వేశాడు. అటు తరువాత బకెట్లు లెక్కపెట్టే పని అతనే ఒక కుర్రాడికి అప్పగించాడు.

స్లాబు పడ్డాక సెంట్రింగు ఏడో రోజు తీసేస్తానన్నాడు. కర్రలకు, రేకులకు అద్దె పెరుగుతుందని అతని తొందర. ఇంజనీరు బీముల కింద పద్నాలుగు రోజులు కదపొద్దని రాశాడు, స్లాబుకూ అంతే ఉంచమన్నాడు. అదనపు వారం అద్దె మేమే పెట్టుకున్నాం. చత్తు మీద మడులు కట్టి నీళ్లు నిలబెట్టడం అత్తమ్మ చూసుకుంది. పైకెక్కలేదుగా, కింద కుర్చీలో కూర్చుని పొద్దున్నా సాయంత్రం "పైన తడారింది పోయిన్రా లేదా" అని అరుస్తుండేది. ఆ ఎండల్లో పది రోజులకు ఒక్క పూట కూడా స్లాబు ఎండలేదు.

ఇంజనీరు నాలుగుసార్లు రావడం ముఖ్యం. పునాది గుంత తవ్వాక, కాంక్రీటు పడకముందు. పిల్లర్ల సలాకలు నిలబెట్టాక. కింది బీము కట్టాక. స్లాబు సలాకలు పరిచాక, పొయ్యడానికి ఒక రోజు ముందు. ఒకసారి కాంక్రీటు పడిందంటే లోపల ఏముందో ఎవరికీ కనబడదు. డ్రాయింగు ఒక్కటే కొనుక్కుని ఈ ఆరు వేలు మిగుల్చుకుందామని మాత్రం అనుకోకండి. ఆయన రెండోసారి వచ్చినప్పుడే ఒక పిల్లరు రింగులు ఎడంగా ఉన్నాయని విప్పించి మళ్లీ కట్టించాడు.

పాత ఇంటికీ కొత్త గదులకూ మధ్య ఒక అంగుళం సందు వదిలారు. చూడ్డానికి వచ్చినవాళ్లంతా దాని గురించే అడిగారు. కొత్తది మొరం మీద కూర్చుంది, పాతది నల్లమట్టి మీద కదులుతుంటుంది. రెంటినీ కలిపి కట్టేస్తే పాతది కదిలినప్పుడల్లా కొత్త గోడ చీలుతుంది. అందుకే పాత గోడలోకి ఒక్క సలాక కూడా గుచ్చనివ్వలేదు. సందులో థర్మోకోలు పెట్టి, వాన నీళ్లు దిగకుండా పైన రేకు మూత వేశారు. గడప దగ్గర బండ పట్టీ ఒక వైపే అతికించారు. బల్లులు దూరతాయని అత్తమ్మ ఒక నెల సణిగింది, తరువాత మర్చిపోయింది.

పాత వరండాలో కిటికీ పైన ఒక సన్న పగులుంది. ఇంజనీరు వెళ్తూ వెళ్తూ దాని మీద చిన్న గాజు ముక్కను రెండు కొసల్లో సిమెంటుతో అతికించి, పక్కన తారీఖు రాశాడు. పగులు కదిలితే గాజు విరుగుతుంది. దీనికి పైసా తీసుకోలేదు. మీ ఇంట్లోనూ పాత పగులు ఉంటే ఇలా చేసి చూడండి. రెండు వానాకాలాలు దాటినా మా గాజు అలాగే ఉంది. ఇల్లు ఊడ్చినప్పుడల్లా దాన్ని ఒకసారి చూడడం నాకు అలవాటయిపోయింది.

పెళ్లి ముహూర్తానికి ముందే గదులు తయారయ్యాయి, సున్నం ఆరింది. ఇప్పుడు కోడలికి నెలలు నిండుతున్నాయి. బిడ్డ పుట్టి కాస్త పెద్దయ్యాక కొత్త గదుల పైన ఇంకో గది వేద్దామని మావారు, మరిది కలిసి మాట్లాడుకుంటున్నారు. ఈసారి మరిదే "ఆ డ్రాయింగు యాడ పెట్టినవ్ వదినా" అని అడిగాడు. బీరువాలో, నా గొల్లభామ చీరల మడతల్లో ఉంది. ఒక నకలు అబ్బాయి ఫోనులో కూడా ఉంది. పిల్లర్లు మోస్తాయని అందులో రాసే ఉన్నా, కట్టే ముందు ఇంకోసారి పిలిచి చూపిస్తాం. దానికి మూడు వేలు విడిగా పెట్టేశాను, పోపుల డబ్బాలో కాదు లెండి, బ్యాంకులోనే.